శివారుకి చేరిన కంప్యూటర్

పాతబడిన కంప్యూటర్‌కి కొత్తగా వేగవంతమైన విడిభాగాలు వేయించటం తెలివైన పనా, దండగమారి ఖర్చా? ఈ ప్రశ్నకి సాధారణంగా మగవాళ్ళే జవాబు చెబుతుంటారు. దుకాణంలో కూర్చున్నవాళ్ళు, ఇంట్లో ఆ విషయాలు తెలుసని పేరు పడ్డవాళ్ళు, వాటి గురించి రాసేవాళ్ళు. అందరి లెక్కా దాదాపు ఒకటే. యంత్రం సెకనుకి ఎన్ని మెగాబైట్లు చదువుతుంది, పెట్టిన డబ్బుకి ఎంత వేగం పెరిగింది, ఇంకొంచెం కలిపితే కొత్తదే రాదా? ఈ లెక్క తప్పని నేననను. అందులో ఒక అంకె మాత్రం కనిపించదు. ఆ యంత్రం ముందు కూర్చునేది ఎవరు, ఆమె రోజులో ఎంత భాగం దానికోసం ఎదురుచూడటంలో పోతోంది? సాహిత్యం చదువుకున్నదాన్ని, ఈ విషయంలో తలదూర్చటానికి కారణం ఆ లేని అంకె.

కృష్ణా డెల్టాలో పుట్టినవాళ్ళకి శివారు అంటే ఏమిటో విడమర్చి చెప్పనక్కర్లేదు. ప్రకాశం బ్యారేజీ దగ్గర వదిలిన నీళ్ళు ముందుగా ఎగువ పొలాలకి అందుతాయి. కాలువ చివరి భూములకి అందరూ తడుపుకున్నాక మిగిలినవి, ఆలస్యంగా వస్తాయి. ఒక్కో ఏడాది రావు కూడా. మా మధ్యతరగతి ఇళ్ళలో కంప్యూటర్ కూడా ఇలాగే పారుతుంది. కొత్తది కొడుకు చదువుకో భర్త ఉద్యోగానికో వస్తుంది. అది నెమ్మదించాక, వాళ్ళకి ఇంకోటి వచ్చాక, కూతురికో కోడలికో తల్లికో చేరుతుంది. ఇచ్చినవాళ్ళు ఉదారంగానే ఇస్తారు. తీసుకున్నవాళ్ళు కృతజ్ఞతగానే తీసుకుంటారు. ఇందులో అన్యాయం ఉందని ఎవరికీ తోచదు.

మా ఇంట్లోకి కంప్యూటర్ 2009లో వచ్చింది. ఉయ్యూరు నుంచి 30 కిలోమీటర్లు బెజవాడ వెళ్ళి, విడిభాగాలు ఏరి కట్టించుకొచ్చిన యంత్రం. కోర్ 2 డ్యువో ప్రాసెసరు, 2 జి.బి. ర్యామ్, 320 జి.బి. హార్డ్ డిస్కు, విండోస్ ఎక్స్.పి. తమ్ముడు ఇంజనీరింగ్‌లో చేరాడు కాబట్టి కొన్నారు. అదే ఏడాది నేను తెలుగు ఎం.ఏ.లో చేరాను. తెలుగు ఎం.ఏ.కి కంప్యూటరెందుకని నాన్న ఎప్పుడూ అనలేదు. అనాల్సిన అవసరమే రాలేదు, ఎందుకంటే కావాలని నేనూ అడగలేదు. 2013లో వాడికి హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది, కంపెనీ ల్యాప్‌టాప్ ఇచ్చింది. అప్పటికి పిహెచ్.డి.లో చేరిన నాకు ఆ నాలుగేళ్ళ యంత్రం దక్కింది.

నా పరిశోధన ఇరవయ్యో శతాబ్దపు తొలినాళ్ళ స్త్రీల పత్రికల మీద. 1902లో మొదలైన హిందూసుందరి లాంటి పత్రికల పాత సంచికలు, ఆ కాలపు పుస్తకాలు నాకు ఎక్కువగా స్కాన్ చేసిన బొమ్మల రూపంలోనే దొరికాయి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా నుంచి దింపుకున్నవి కొన్ని, తోటి పరిశోధకులు పెన్‌డ్రైవుల్లో ఇచ్చినవి కొన్ని. ఒక్కో సంపుటి అంటే వందల పేజీల ఫొటోలు. అలాంటి ఫైలు ఒకటి తెరిచి, పక్కన నా థీసిస్ ఫైలు తెరిచి, అటూ ఇటూ చూసుకుంటూ రాయాలి. ఆ యంత్రం పొద్దున్నే నిద్ర లేవటానికే నాలుగు నిమిషాలు పట్టేది. స్కాన్ ఫైల్లో పేజీ తిప్పితే డబ్బా లోపల గరగరమని చప్పుడు వచ్చేది కానీ, తెర మీద పేజీ వచ్చేది కాదు.

ఆ నాలుగు నిమిషాలు నేనేం చేసేదాన్ని? స్విచ్ నొక్కి వంటింట్లోకి వెళ్ళి పాలు పొయ్యి మీద పెట్టేదాన్ని. ఫైలు తెరుచుకునేలోపు ఆరేసిన బట్టలు తీసేదాన్ని. పేజీ వచ్చేలోపు నాయనమ్మకి మాత్ర ఇచ్చేదాన్ని. తమ్ముడు ఆ కుర్చీలో కూర్చున్న రోజుల్లో ఇదే యంత్రం ఆలస్యం చేస్తే గట్టిగా విసుక్కునేవాడు. "వీడి చదువు పాడైపోతోంది" అని ఇల్లంతా కదిలేది. ఒకసారి ఆ విసుగు మీదే ర్యామ్ ఇంకో ముక్క వేయించారు, మొదట 1 జి.బి. ఉన్నది 2 అయింది అలాగే. నా ఎదురుచూపు మాత్రం ఎవరికీ కనిపించలేదు. అది ఎప్పుడూ ఖాళీగా లేదు మరి. ఆడవాళ్ళ చేతిలో యంత్రం ఆగిపోయినప్పుడు ఇంకో పని మొదలవుతుంది. అందుకే ఆ ఆలస్యానికి ఖరీదు కట్టాలని ఎవరికీ అనిపించదు. కానీ ఒక వాక్యం సగంలో వదిలి పాల దగ్గరికి వెళ్ళి వచ్చినవాళ్ళకి తెలుసు, తిరిగొచ్చేసరికి పేజీ అక్కడే ఉంటుంది, ఆలోచన ఉండదు.

*

2017లో నా ఫెలోషిప్ డబ్బుల్లోంచి కొంత తీసి ఆ యంత్రానికి ఎస్.ఎస్.డి. వేయించుదామని బెజవాడ వెళ్ళాను. దుకాణంలో అతను డబ్బా తెరవకుండానే, "దండగ మేడమ్. మీ బోర్డు పాతది. ఈ ఎస్.ఎస్.డి. వేగం దానికి దిగదు. ఇంకో పదిహేను వేలు వేసుకుని కొత్తది తీసుకోండి" అన్నాడు. అతను చెప్పినదాంట్లో ఒక నిజం ఉంది. ఆ నిజం ఎంతవరకు వర్తిస్తుందో తెలుసుకోవాలంటే అసలు యంత్రం ఎందుకు నెమ్మదిస్తుందో చూడాలి.

హార్డ్ డిస్కు అంటే తిరిగే పళ్ళెం. మామూలు డెస్క్‌టాప్‌లో నిమిషానికి 7200 సార్లు తిరుగుతుంది. పళ్ళెం మీద సూది లాంటి చెయ్యి ఒకటి కదులుతూ, కావలసిన చోటుకి వెళ్ళి, ఆ చోటు కిందికి తిరిగివచ్చేదాకా ఆగి చదువుతుంది. ఒక చుట్టుకి 8 మిల్లీసెకన్ల పైన పడుతుంది. సగటున సగం చుట్టు ఆగాలి, చెయ్యి కదలటానికి ఇంకో 8, 9 మిల్లీసెకన్లు. మొత్తం మీద ఒక చిన్న ముక్క వెతికి చదవటానికి 12, 13 మిల్లీసెకన్లు. అంటే సెకనుకి 80 ముక్కలు. ఒక పెద్ద సినిమా ఫైలు వరసగా చదివేటప్పుడు ఈ డిస్కే సెకనుకి 100 మెగాబైట్లు అందించగలదు. కానీ కంప్యూటర్ నిద్ర లేచేటప్పుడూ, ఏదైనా ప్రోగ్రాం తెరిచేటప్పుడూ కావలసినవి వేలకొద్దీ చిన్న ముక్కలు, తలో మూలా చెదిరి ఉన్నవి. వాటిని ఏరుకొచ్చేటప్పుడు అదే డిస్కు సెకనుకి ఒక మెగాబైటు కూడా అందించలేదు. నేను విన్న గరగర ఆ ఏరుకోవటం చప్పుడే.

ఎస్.ఎస్.డి.లో తిరిగేదీ కదిలేదీ లేదు. ఏ ముక్కైనా దాదాపు 0.1 మిల్లీసెకనులో దొరుకుతుంది, అంటే నూరు రెట్లు త్వరగా. ఇక దుకాణదారు చెప్పిన నిజం: డిస్కుకీ బోర్డుకీ మధ్య ఉండే దారిని సాటా అంటారు. మా 2009 బోర్డులో ఉన్నది రెండో తరం సాటా, దాని గరిష్ఠ వేగం సెకనుకి 300 మెగాబైట్లు. ఎస్.ఎస్.డి. 500 పైన ఇవ్వగలదు. కాలువలో ఎంత నీరున్నా తూము ఎంతో పొలానికి పారేది అంతే అన్నట్టు, ఆ ఎస్.ఎస్.డి. వేగంలో దాదాపు సగం మా యంత్రానికి అందదు. ఇంతవరకూ అతను చెప్పింది సరైనదే.

అయితే మా పొలానికి అంత నీరు ఎప్పుడు కావాలి? నా పనిలో సెకనుకి 300 మెగాబైట్లు ఒక్కసారిగా పారాల్సిన సందర్భం అరుదు. నాకు కావలసింది చిన్న ముక్కలు వెంటనే దొరకటం. సెకనుకి ఒక మెగాబైటు కూడా రాని చోట యాభై వస్తే, తూము 300 దగ్గర ఆగిందా 500 దగ్గర ఆగిందా అన్నది నాకు పట్టదు. ఈ లెక్కలోంచే రెండో సంగతి కూడా తేలుతుంది. పాత యంత్రానికి అన్నిటికంటే వేగవంతమైన, ఖరీదైన డిస్కు వేయటంలో అర్థం లేదు. సెకనుకి 3000 మెగాబైట్లు దాటే ఎన్.వి.ఎం.ఇ. రకాన్ని అడాప్టరు పెట్టి పాత బోర్డుకి తగిలించవచ్చు. చాలా పాత బోర్డులు దాని నుంచి నేరుగా మేలుకోలేవు. మేలుకున్నా, రాసుకునే, చదువుకునే మనిషికి మామూలు సాటా ఎస్.ఎస్.డి.కీ దానికీ తేడా పెద్దగా తెలియదు. మనం ఖర్చు పెట్టాల్సింది పళ్ళెం తిరగటాన్ని ఆపటం కోసం. ఆ పైన పెరిగే వేగమంతా పెట్టె మీద అచ్చు వేసుకోవటానికి పనికొచ్చే అంకె.

ర్యామ్ సంగతి వంటింటి భాషలో చెబితే ఇంకా తేలిక. ర్యామ్ గట్టు లాంటిది, డిస్కు అటక లాంటిది. గట్టు ఇరుకైతే ఒక గిన్నె పెట్టటానికి ఇంకోటి అటక మీదికి ఎక్కించాలి, మళ్ళీ దానికోసం దింపాలి. నా స్కాన్ ఫైళ్ళతో యంత్రం చేస్తున్నది ఇదే. 2 జి.బి.ని 4 చేస్తే ఆ ఎక్కించి దించే పని చాలా తగ్గుతుంది. కానీ 32 బిట్ల విండోస్ 4 జి.బి.కి మించి వాడుకోలేదు, అందులోనూ 3 పైచిలుకే దాని చేతికి వస్తుంది. అంతకంటే ఎక్కువ కొని పెడితే దండగే. ప్రాసెసరు మార్చటం, గ్రాఫిక్స్ కార్డు వేయటం మా బోటివాళ్ళ పనికి ఇంకా దండగ.

నేను పట్టుబడితే అతను వేశాడు. నాలుగు గంటలు పడుతుందన్నాడు, నేను అక్కడే కూర్చున్నాను. అందులో మూడున్నర గంటలు పాత డిస్కులోది కొత్తదాంట్లోకి నకలు కావటానికి పట్టింది. మిగతా పని నాలుగు మరలు, రెండు తీగలు. ఆ తీగల కొసలు ఇంగ్లీషు ఎల్ అక్షరం ఆకారంలో ఉంటాయి. తిరగేసి పెట్టాలన్నా పట్టవు. ఇన్నేళ్ళూ మనకి చేతకాదనుకున్న పని ఇదా అనిపించింది. కుట్టుమిషనుకి షటిల్ విప్పి శుభ్రం చేసి మళ్ళీ బిగించే ఆడవాళ్ళు మా వీధిలో ఇంటికొకరున్నారు. ఆ పనికి కావలసిన ఓపికలో సగం ఉంటే కంప్యూటర్ డబ్బా తెరవచ్చు. కుట్టుమిషను ఆడవాళ్ళ వస్తువుగానూ కంప్యూటర్ మగవాళ్ళ వస్తువుగానూ పేరు పడటం వల్ల ఒకదాన్ని విప్పటం నేర్చుకున్నాం, రెండోదాన్ని ముట్టుకోలేదు.

ఆ తర్వాత మా యంత్రం నిమిషంలోపే లేచేది. థీసిస్ 2019లో సమర్పించాను. దానికి ఎస్.ఎస్.డి. ఒక్కటే కారణమని చెప్పను. చివరి రెండు అధ్యాయాలు మాత్రం పాలు పొంగకుండా రాశాను.

*

యంత్రం వేగం వేరు, మనిషి సమయం వేరు. ఈ తేడా కంప్యూటర్ల చరిత్ర మొదలైనప్పుడే అక్కడ పనిచేసిన ఆడవాళ్ళకి తెలుసు. 1946లో అమెరికాలో లోకానికి చూపించిన ఎనియాక్ యంత్రానికి పని నేర్పింది ఆరుగురు స్త్రీలు: కే మెక్‌నల్టీ, బెట్టీ జెన్నింగ్స్, బెట్టీ స్నైడర్, మార్లిన్ వెస్కాఫ్, ఫ్రాన్ బైలస్, రూత్ లిక్టర్‌మన్. అంతకు ముందు "కంప్యూటర్" అంటేనే లెక్కలు కట్టే ఉద్యోగి. ఆ ఉద్యోగాల్లో ఎక్కువమంది ఆడవాళ్ళు. ఎనియాక్‌కి కొత్త లెక్క ఇవ్వాలంటే తీగలు ఊడదీసి మళ్ళీ తగిలించాలి, వందలాది మీటలు సరిచేయాలి. దానికి రోజులు పట్టేది. లెక్క మొదలయ్యాక యంత్రం క్షణాల్లో ముగించేది. పత్రికలు రాసింది ఆ క్షణాల గురించి. ప్రదర్శన జరిగిన రాత్రి విందుకి ఆ స్త్రీలకి పిలుపు కూడా రాలేదు.

1948లో ఆ యంత్రాన్ని మార్చారు. తీగలు మార్చనవసరం లేకుండా ఆదేశాలను మీటల పలకల మీద అమర్చి నడిపే పద్ధతి పెట్టారు. ఆ ఆదేశాలు రాసిన బృందానికి నాయకత్వం వహించింది జీన్ బార్టిక్, పెళ్ళికి ముందు పేరు బెట్టీ జెన్నింగ్స్. ఈ మార్పు వల్ల యంత్రం లెక్క కట్టే వేగం దాదాపు ఆరో వంతుకి పడిపోయింది. అయినా అది లాభసాటి మార్పని అందరూ ఒప్పుకున్నారు, ఎందుకంటే రోజులు పట్టే తయారీ గంటల్లోకి వచ్చింది. 1953లో దానికి నూరు పదాల అయస్కాంత స్మృతిని కొత్తగా తగిలించారు. 1955 అక్టోబరులో విశ్రాంతి ఇచ్చేదాకా అది పనిచేసింది. పాత యంత్రానికి కొత్త భాగాలు వేయటంలో అర్థముందా అన్న ప్రశ్నకి కంప్యూటర్ చరిత్రలోని తొలి జవాబుల్లో ఇదొకటి. వేగం తగ్గినా ఫరవాలేదు, మనిషి చేతి సమయం మిగలాలి అన్నది ఆ జవాబు. ఆ తర్వాతి దశాబ్దాల్లో ఈ కొలతని వదిలేసి యంత్రం వేగాన్నే కొలుస్తూ వచ్చాం.

*

మా ఉయ్యూరు బస్టాండు దగ్గర జిరాక్సు దుకాణం వెనక గదిలో డి.టి.పి. చేసే అక్క ఉంది. పెళ్ళి శుభలేఖలు, స్కూళ్ళ ప్రశ్నపత్రాలు, మాఘమాసంలో వీరమ్మతల్లి తిరునాళ్ళ కరపత్రాలు, ఈ చుట్టుపక్కల ఊళ్ళలో కవిత్వం రాసే పెద్దమనుషుల పుస్తకాలు. తెలుగు అచ్చు ఎలక్ట్రానిక్ తెర మీదికి మారిన కాలంలో టైపు చేసిన చేతులు చాలావరకు ఇలాంటి ఆడవాళ్ళవి. పుస్తకాల మీద రచయిత పేరుంటుంది, ముఖచిత్రం వేసినవారి పేరుంటుంది. డి.టి.పి. చేసినవాళ్ళ పేరు ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు.

ఆమె యంత్రం కూడా మాదాని వయసుదే. ఎందుకు మార్చలేదంటే ఆమె పనంతా పేజ్‌మేకర్‌లో, అను అక్షరాల్లో ఉంది. పేజ్‌మేకర్ చివరి పెద్ద రూపం 2001లో వచ్చిన 7.0, ఆ తర్వాత అడోబి దాన్ని వదిలేసింది. తెలుగుకి యూనికోడ్‌లో 1991 నుంచే చోటుంది కానీ పేజ్‌మేకర్‌కి ఆ పద్ధతి తెలియదు. అను అనేది ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలను సర్దిపెట్టిన ఏర్పాటు. ఆ ఫాంటు లేని యంత్రంలో అదే ఫైలు తెరిస్తే అర్థం లేని గీతలు కనిపిస్తాయి. అక్క దగ్గర పదిహేనేళ్ళ ఫైళ్ళున్నాయి. మళ్ళీ అచ్చు వేయించుకోవటానికి ఎవరు ఎప్పుడొస్తారో తెలియదు. కొత్త యంత్రం కొంటే అందులో 64 బిట్ల విండోస్ 11 ఉంటుంది. పాత పేజ్‌మేకర్, పాత అను, పాత ప్రింటరు మూడూ అందులో సజావుగా నడుస్తాయని ఆమెకి ఎవరూ హామీ ఇవ్వలేదు.

2023లో ఆమె యంత్రం డబ్బా నేనే తెరిచాను. 240 జి.బి. సాటా ఎస్.ఎస్.డి. రెండు వేల లోపు వచ్చింది. పాత రకం ర్యామ్ ముక్క ఒకటి వాడేసినది దొరికింది. బోర్డు మీది రూపాయి బిళ్ళంత బ్యాటరీ అయిపోయి రోజూ తేదీ మారిపోతుంటే దాన్ని మార్చాం. ఫ్యాను నిండా పేరుకున్న దుమ్ము దులిపాం. అక్క పక్కనే నిలబడి మరలు ఒక మూతలో వేసుకుంటూ, "ఓస్, ఇంతేనా అమ్మాయ్! ప్రతిసారీ ఐదొందలు పుచ్చుకునేది దీనికేనా?" అంది. ఆ సాయంత్రం పేజ్‌మేకర్ ఆరు సెకన్లలో తెరుచుకుంది. అంతకు ముందు అది తెరుచుకునేలోపు ఆమె కాయితాల కట్ట కత్తిరించి పెట్టుకునేది.

కథ ఇక్కడ ఆగితే బాగుండేది. నెల తర్వాత వెళితే అక్క ముఖం అంత సంతోషంగా లేదు. "ఇదివరకు కంప్యూటర్ స్లోగా ఉందండీ, రేపు రండి అనేదాన్ని. ఇప్పుడా మాట అనటానికి లేదమ్మా. నెత్తి మీద నిలబడి చేయించుకుంటున్నారు. పైగా పని తొందరగా అయిపోతోంది కదా, పేజీకి ఐదు రూపాయలు తగ్గించు అంటున్నారు."

రూత్ ష్వార్ట్జ్ కోవన్ 1983లో ప్రచురించిన మోర్ వర్క్ ఫర్ మదర్ పుస్తకం ఇంటి యంత్రాల గురించి ఇదే చెప్పింది. బట్టలుతికే యంత్రం, గ్యాసు పొయ్యి శారీరక శ్రమ తగ్గించాయి కానీ గృహిణి పని గంటల్ని తగ్గించలేదు. పరిశుభ్రత ప్రమాణాలు పెరిగాయి. మగవాళ్ళూ పిల్లలూ పంచుకునే పనులు పోయి, అన్నీ ఆమె ఒక్కదాని మీదికి వచ్చాయి. మిక్సీ వచ్చాక మన ఇళ్ళలో రోటి దగ్గర కూర్చోవటం తప్పింది, రోజుకి రెండు పచ్చళ్ళు మొదలయ్యాయి. మిగిలిన సమయం ఎవరి చేతికి వెళుతుందన్నది యంత్రం తేల్చదు. ఆ ఇంట్లో, ఆ దుకాణంలో ఎవరి మాట చెల్లుతుందో వాళ్ళు తేలుస్తారు. అక్క "రేపు రండి" అనటం ఆమె సంపాదించుకున్న హక్కు కాదు, యంత్రం నెమ్మదితనం చాటున దాచుకున్న కాస్త ఊపిరి. యంత్రం బాగుపడగానే ఆ చాటు పోయింది. అందుకని యంత్రాన్ని మళ్ళీ పాడుచేసుకోమని ఎవరం చెబుతాం? నేను చెప్పగలిగింది, పని పుచ్చుకునే వేళలు గోడ మీద రాసి పెట్టమని, రేటు తగ్గించవద్దని. ఆమె వేళలు రాసి పెట్టింది. రేటు విషయంలో ఇంకా బేరాలు సాగుతూనే ఉన్నాయి.

*

పాత యంత్రాన్ని బాగుచేసుకోమని ఆడవాళ్ళకి చెప్పేటప్పుడు ఇంకో జాగ్రత్త అవసరం. మరమ్మతు మంచి విలువ. ల్యాప్‌టాప్ లాంటి వస్తువు వల్ల తన జీవితకాలంలో గాలిలో కలిసే కర్బనంలో ఎక్కువ భాగం అది తయారయ్యేటప్పుడే కలుస్తుంది, కాబట్టి ఇంకో నాలుగేళ్ళు వాడితే భూమికి మేలే. ఐక్యరాజ్యసమితి సంస్థలు 2024లో వెలువరించిన లెక్క ప్రకారం 2022లో ప్రపంచం పారేసిన ఎలక్ట్రానిక్ చెత్త 6.2 కోట్ల టన్నులు. అందులో పద్ధతి ప్రకారం సేకరించి శుద్ధి చేసినట్టు నమోదైంది 22.3 శాతమే. మిగతాదాంట్లో చాలా భాగాన్ని ఢిల్లీ సీలంపూర్ లాంటి చోట్ల చేతుల్తో విప్పి, కాల్చి, ఆమ్లంలో ముంచి లోహాలు తీస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నివేదిక ప్రకారం ఇలాంటి అసంఘటిత చెత్త పనుల్లో ఉన్న స్త్రీలు 1.29 కోట్ల వరకు ఉండొచ్చు. మనం పారేసిన సీసం వాళ్ళ గర్భాల్లోకి చేరుతుంది. శివారుకి కూడా ఒక శివారుంటుంది, అక్కడ ఉన్నదీ ఆడవాళ్ళే.

ఇవన్నీ నిజాలే. కానీ పొదుపు, సర్దుకోవటం, చిరిగినదానికి మాసిక వేయటం ఎప్పటినుంచో మన వాటాకే వస్తున్నాయి. కొత్తది కొనుక్కునే హక్కు ఒకరిదీ పాతదాన్ని ప్రేమించే బాధ్యత ఇంకొకరిదీ అయినప్పుడు పర్యావరణం పేరు చెప్పి దాన్ని సమర్థించకూడదు. మరమ్మతు తమ్ముడి ల్యాప్‌టాప్‌తో కూడా మొదలవ్వాలి. మూడేళ్ళకోసారి మారే ఆ కొత్త యంత్రాల దగ్గర ఎవరూ ఈ ప్రశ్న వెయ్యరు.

పైగా కొన్ని యంత్రాల విషయంలో నిర్ణయం మన చేతుల్లో ఉండదు. మైక్రోసాఫ్ట్ విండోస్ 7కి 2020 జనవరి 14న, విండోస్ 10కి 2025 అక్టోబరు 14న మద్దతు ముగించింది. కోరుకున్న ఇళ్ళకి విండోస్ 10 భద్రతా సవరణలను మాత్రం 2026 అక్టోబరు 13 వరకు పొడిగించింది. 2021లో వచ్చిన విండోస్ 11కి టి.పి.ఎం. 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి. ఇంటెల్ ప్రాసెసర్లలో దాదాపుగా ఎనిమిదో తరం, అంటే 2017 తర్వాతివే దానికి అర్హం. ఎస్.ఎస్.డి. వేసి చక్కగా నడుస్తున్న ఏడో తరం యంత్రం కూడా ఈ నియమం వల్ల పాతది అయిపోతుంది. అలాంటి యంత్రంలో బ్యాంకు పనులు చేయటం క్షేమం కాదు. అక్కతో నేను చెప్పింది కూడా ఇదే: పేజ్‌మేకర్ యంత్రానికి ఇంటర్నెట్ తీగ తీసెయ్యి, ఫైళ్ళు పెన్‌డ్రైవులో ఫోన్‌కి మార్చుకుని పంపు, రెండు చోట్ల నకలు ఉంచు. ఇంటర్నెట్ తప్పనిసరైన పాత యంత్రానికి లినక్స్ వేసుకోవచ్చు. తెలుగు యూనికోడ్ అందులో హాయిగా నడుస్తుంది, తెలుగులోనే కనిపించే వ్యవస్థల కోసం స్వేచ్ఛ సంస్థ ఏళ్ళ తరబడి పనిచేసింది. అయితే అను ఫైళ్ళను యూనికోడ్‌లోకి మార్చి, ఒక్కో ఒత్తూ సరిచూసుకునే పని ఎవరో ఒకరు కూర్చుని చేయాలి. ఆ పనికి కూలి ఎవరిస్తారు?

కాబట్టి నా జవాబు ఇది. యంత్రం ముందు కూర్చునే మనిషి ఎదురుచూపుని తగ్గించే చిన్న ఖర్చు దాదాపు ఎప్పుడూ సబబే. తిరిగే డిస్కు తీసి మామూలు ఎస్.ఎస్.డి. వేయటం, ర్యామ్ చాలినంత చేయటం, దుమ్ము దులపటం. అంతకు మించి, పాత బోర్డుకి దిగని వేగం కోసం పెట్టే డబ్బు దండగ. భద్రతా సవరణలు ఆగిపోయి, ఇంటర్నెట్ తప్పనిసరై, లినక్స్ కుదరని చోట కొత్తది కొనాల్సిందే. అప్పుడు ఆ కొత్తది ఎవరి బల్ల మీదికి వస్తుందన్నది ఇంట్లో అడగాల్సిన ప్రశ్న. మా ఇంట్లో పోయినేడు అడిగాను. అమ్మ తన డ్వాక్రా సంఘం లెక్కలు ఇన్నాళ్ళూ నా పాత యంత్రంలోనే రాస్తోంది. ఈసారి కొన్న కొత్త యంత్రం అమ్మకి ఇచ్చాం. ఈ వ్యాసం 2009 నాటి దాంట్లోనే రాశాను, బాగానే నడిచింది.